చదవని పుస్తకాల కింద నా సంతకం

తరగతి పిల్లలకు కొత్త పుస్తకాలు సిఫారసు చేసే పని మీ మీద పడితే, ముందు ఆ పుస్తకాలు చదవండి. ఈ మాత్రం చెప్పడానికి రిటైరైన టీచరు కావాలా అని నవ్వుకోకండి. నాకు ఈ సంగతి ఉద్యోగం చివరి సంవత్సరంలో, నిండు హాల్లో, పిల్లల తల్లిదండ్రుల ఎదుట తెలిసివచ్చింది. మీకు అంత ఆలస్యం కాకూడదనే రాస్తున్నాను.

నేను సికింద్రాబాదులో, రెజిమెంటల్ బజార్‌కు నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న ఒక మిషన్ హైస్కూల్లో తెలుగు టీచరుగా చేశాను. బడి పేరు చెప్పను. ఇందులో వచ్చే వాళ్లందరూ క్షేమంగా ఉన్నారు, నా ఫోన్ నంబరు వాళ్ల దగ్గరుంది. తెలుగు చెప్పడంతో పాటు లైబ్రరీ కూడా నాకే అంటగట్టారు. లైబ్రరీ అంటే మరేం లేదు, స్టాఫ్ రూమ్ పక్కన రెండు అద్దాల బీరువాలు. పుస్తకం నలగకుండా చూడడమే లైబ్రరీ పని అని అప్పట్లో నా గట్టి నమ్మకం. ఇన్‌స్పెక్షన్‌కు ముందు తీసి దుమ్ము దులపడం, కలరా ఉండలు మార్చడం, మళ్లీ తాళం వేయడం. నా హయాంలో ఒక్క పుస్తకం అట్ట చిరగలేదు. ఇది గొప్పగా చెప్పుకునేదాన్ని కూడా.

ఆ ఏడాది మాకు కొత్త హెడ్మిస్ట్రెస్ వచ్చింది. నాకంటే పదిహేనేళ్లు చిన్నది. వచ్చిన వారానికే బీరువా ముందు నిలబడి, "టీచర్ గారూ, ఈ పుస్తకాలకు పిల్లలంటే పడదాండీ?" అని అడిగింది. అడగడం ఎంతో మర్యాదగా అడిగింది. నాకు మాత్రం ఒళ్లు మండింది.

నెల తిరక్కుండానే అట్టపెట్టెల నిండా కొత్త పుస్తకాలు దిగాయి. చిన్న పిల్లల కథలు, పెద్ద తరగతుల వాళ్లకు నవలలు, కొన్ని తెలుగులో, కొన్ని ఇంగ్లీషులో. ప్రతి తరగతి గదిలోనూ గోడకు ఒక చెక్క అర కొట్టించింది. తాళం లేని అర. శుక్రవారం చివరి పీరియడ్ ఇక చదువుకునే పీరియడ్ అంది. పిల్లలు తమకు నచ్చిన పుస్తకం తీసుకుని కూర్చుని చదువుకోవాలి, పరీక్ష ఉండదు, ప్రశ్నలుండవు.

మా కరస్పాండెంట్ గారు, అంటే బడి యాజమాన్యం తరఫున అన్నీ చూసే పెద్దాయన, ఒక షరతు మీద ఒప్పుకున్నారు. ప్రతి పుస్తకాన్నీ ముందు ఒక టీచరు పూర్తిగా చదివి, ఏ తరగతికి పనికొస్తుందో అర పేజీ రాయాలి. దాని కింద లైబ్రరీ ఇన్‌ఛార్జిగా నేను కూడా చదివానని సంతకం చేయాలి. ఆ కాగితం పుస్తకం అట్ట లోపల అంటించాలి. దసరా సెలవుల ముందు జరిగే తల్లిదండ్రుల సమావేశం దాకా చూస్తానన్నారు. అప్పటికి ఏదైనా తేడా వస్తే పుస్తకాలు మళ్లీ బీరువాలోకి, శుక్రవారం పీరియడ్ లెక్కలకు.

ఆ పీరియడ్ మీద మా లెక్కల మాస్టారికి ఎప్పటి నుంచో కన్నుంది. పాఠం అందరికంటే ముందే పూర్తి చేసేవాడు, అయినా పీరియడ్లు చాలడం లేదనేవాడు. బడి మొత్తాన్ని ఆయన చేతిలో పెట్టినా ఇంకో రెండు పీరియడ్లు అడిగే రకం.

పుస్తకాలు తలా కొన్ని పంచాను. స్టాఫ్ రూమ్‌లో మూలుగులు మొదలయ్యాయి. "మేడమ్, నాకు నవలలెందుకు మేడమ్? నా కండ్లు అంకెల కోసమే పుట్టినయ్," అన్నాడు లెక్కల మాస్టారు. పీటీ సారు తన వాటాను చేతుల్లో తూకం వేసినట్టు ఎత్తి చూసి, "జెర పల్చటియి ఇయ్యండి మేడమ్, మస్తు బిజీ ఉన్న. జోనల్స్ పోటీలు షురూ అయితున్నయ్," అన్నాడు. వాళ్లకు నేను కర్తవ్యం గురించి పది నిమిషాలు చెప్పాను. చెప్పి, మర్నాడు నా వాటాకు వచ్చిన ఎనిమిది పుస్తకాలను సంచిలో వేసుకుని నేరుగా ఎనిమిదో తరగతి బి సెక్షన్‌కి వెళ్లాను.

ఆ తరగతి లీడరు చిలకలగూడ నుంచి వచ్చే పిల్ల. కళ్లజోడు, రెండు జడలు, ఏది చెప్పినా తల ఊపి చేసుకుపోయే తత్వం. ఆ పిల్ల చేతిలో సంచి పెట్టి, "ఇవి చదివి, ఒక్కోదాని గురించి అర పేజీ రాసుకురా. నీ గ్రహణశక్తి ఎలా ఉందో చూడాలి," అన్నాను. గ్రహణశక్తి అనేసరికి పనికి గౌరవం వచ్చింది. ఆ పిల్ల సంచిలోకి తొంగిచూసి, నా ముఖం కేసి చూసి, "ఇవి సుతనా టీచర్?" అంది. పుస్తకాలు ఎక్కువయ్యాయంటోంది కాబోలు అనుకున్నాను.

పది రోజుల్లో నా ఎనిమిదీ వచ్చేశాయి. నా శైలి ఒంటబట్టించుకుని రాసింది. "ఈ గ్రంథము విద్యార్థులలో సద్గుణములను పెంపొందించునని నా దృఢమైన అభిప్రాయము." నాలుగేళ్లుగా నా దగ్గర చదివిన ఫలం అని మురిసిపోయి, అక్షరం మార్చకుండా నా చేత్తో ఎక్కించాను.

మిగతా టీచర్లు కూడా చెప్పిన గడువులోపే ఇచ్చేశారు. నిజంగానే ఆశ్చర్యపోయాను. లెక్కల మాస్టారు ఒక నవల గురించి ఇలా రాశాడు. "మొదటి నలభై పేజీలు ఓపిక పట్టవలెను. తర్వాత పుస్తకమే మనల్ని పట్టుకొనును. ఇందులోని అమ్మాయి ఏడ్వదు, అందుకే మనకు ఏడుపు వచ్చును. కనుక ఇది ఏడో తరగతికి మంచి పుస్తకమని నిరూపించబడినది." అది చదివి నేను కాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాను. ఇరవై ఏళ్లుగా ఈ మనిషి పక్క కుర్చీలో కూర్చున్నాను, ఈయనకు ఇంత మనసుందని నాకు తెలియలేదే అనిపించింది. ఆ మర్నాటి నుంచి నా టిఫిన్ బాక్సులో చేప ముక్క ఆయనకు ఒకటి వేరుగా పెట్టి తెచ్చాను. ఆయన ఎందుకని అడగలేదు, తిన్నాడు.

పీటీ సారు రాతల్లో కూడా ఆయన ముద్ర ఉండేది. "ఈ కథ వార్మప్ లేకుండనే ఉరుకుతది." కొన్ని పుస్తకాల గురించి మాత్రం అందరూ ఒకే ధోరణిలో రాశారు. "మిక్కిలి ఉన్నతమైనది. పిల్లల స్థాయికి మించినది. ఉపాధ్యాయుల గదిలో ఉండదగినది." అలాంటివి పద్నాలుగు తేలాయి. అన్నీ పేజీకి రెండు నీతులు చెప్పే పుస్తకాలే. వాటిని భక్తిగా స్టాఫ్ రూమ్‌లో పెట్టించాను. మిగిలిన వాటి కింద వరసగా సంతకాలు చేశాను. మల్కాజ్‌గిరి నుంచి సికింద్రాబాదుకు లోకల్ రైల్లో వచ్చే కాస్సేపట్లో ఒక్కోదాని అట్ట వెనక రాసింది చదివేదాన్ని. దానికే చదివినట్టు లెక్క వేసుకున్నాను.

అరలు పెట్టిన నెలకే పుస్తకాలు నలిగిపోయాయి. మూలలు మడతలు పడ్డాయి, ఒకదాని మీద పులిహోర పసుపు అంటింది. చూసి నాకు ప్రాణం విలవిల్లాడింది. హెడ్మిస్ట్రెస్ మాత్రం ఒక్కో నలిగిన పుస్తకాన్నీ చేత్తో నిమిరి సంతోషించేది. శుక్రవారం చివరి గంట కొట్టినా ఏడో తరగతి వాళ్లు లేచేవాళ్లు కాదు. వాచ్‌మన్ వచ్చి కేకలు వేస్తే గాని కదిలేవాళ్లు కాదు. "టీచర్ గారూ, అంతా మీ ఎంపిక చలవే," అంది హెడ్మిస్ట్రెస్. ఆ మెప్పు నేనే ఉంచేసుకున్నాను.

దసరా సెలవులు దగ్గరపడ్డాయి. సమావేశానికి రెండు రోజుల ముందు, తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఏడో తరగతి పిల్ల నాన్న ఒకాయన ఒక పుస్తకం అట్ట ఫోటో పెట్టాడు. కింద, "ఇసొంటివి చదివిస్తున్నరు బళ్లె. పిల్లలు ఖరాబ్ అయితున్నరు. మీటింగ్‌ల అడుగుత," అని రాశాడు. లెక్కల మాస్టారు మెచ్చుకున్న నవలే అది.

శనివారం హాలు నిండింది. శుక్రవారం పీరియడ్ ఎలా జరుగుతుందో చూపించడానికని ఎనిమిది బి పిల్లల్నీ, ఏడో తరగతి పిల్లల్నీ పక్క బెంచీల మీద పుస్తకాలతో కూర్చోబెట్టారు. కరస్పాండెంట్ గారు ప్రార్థన చేసి కూర్చున్నారు. ఆయన రైల్వేలో స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరయ్యారు. సంతకాల విషయంలో చాలా పట్టింపు మనిషి.

ఆ తండ్రి లేచాడు. చేతిలో పుస్తకం ఉంది. "సార్, మూడు శనివారాలాయె, సాయంత్రం నా బండి చావి కనవడ్తలేదు. ఇల్లంత దేవులాడిన. ఆఖరికి బియ్యం డబ్బాల దొరికింది. నా బిడ్డె దాచింది. గిదేందే అంటె, గీ పుస్తకంల పిల్ల సుత వాళ్ల నాయిన చావి దాస్తది అంటది. బళ్లె గిసొంటి తెలివితేటలు నేర్పుతరా సార్?"

"శనివారం సాయంత్రం ఎక్కడికి వెళ్తుంటారు మీరు?" అని అడిగారు కరస్పాండెంట్ గారు.

"దోస్తుల కాడికి సార్."

హాల్లో మగవాళ్లు కొందరు నేలచూపులు చూశారు. ఆడవాళ్లు కొందరు నోటికి పమిట అడ్డం పెట్టుకున్నారు. ఆయన కూతురు ఏడో తరగతి బెంచీలో తల వంచుకుని కూర్చుంది. చెవులు మాత్రమే కనిపిస్తున్నాయి, అవి ఎర్రగా ఉన్నాయి.

కరస్పాండెంట్ గారు పుస్తకం తీసుకుని, అట్ట లోపలి కాగితం చదివి, లెక్కల మాస్టారి వంక చూశారు. "మాస్టారూ, మీరు సిఫారసు చేశారు. ఎందుకు చేశారో తల్లిదండ్రులకు చెప్పండి."

లెక్కల మాస్టారు లేచాడు. జేబులోంచి రుమాలు తీశాడు. "ఇది... కథ సార్. మొదలు ఉంటది. నడుమ ఉంటది. కనుక చివర సుత ఉంటది."

"ఆ చివర ఏమవుతుంది?"

లెక్కల మాస్టారు నా వైపు చూశాడు. నేను పీటీ సారు వైపు చూశాను. పీటీ సారు సీలింగ్ ఫ్యాను వైపు చూశాడు. తేలు కుట్టిన దొంగల్లా ఉన్నాం ముగ్గురం. అప్పుడు నాకు అర్థమైంది, ఈయన కూడా చదవలేదు. నా చేప ముక్కలన్నీ వృథా అని ఆ కంగారులో కూడా ఒక్క క్షణం అనిపించింది.

"అమ్మా, కింద మీ సంతకం ఉంది కదా. మీరు చెప్పండి," అన్నారు కరస్పాండెంట్ గారు.

హెడ్మిస్ట్రెస్ నా ముఖంలోకి చూస్తోంది, ఎంతో నమ్మకంగా. ప్రతి పుస్తకాన్నీ టీచర్లు చదివారని ఆ హాల్లో అందరికీ అరగంట క్రితమే హామీ ఇచ్చింది. నేను చదవలేదంటే అరలన్నీ ఆ సాయంత్రమే ఖాళీ అవుతాయి. ఆమె మాట పోతుంది. లేచాను. ముప్ఫై ఏళ్ల పాఠాల అనుభవం గొంతులోకి తెచ్చుకున్నాను.

"ఇది ఉత్తమమైన కథ అండీ. చివరకు ఆ తండ్రి తాగుడు మానేస్తాడు. అమ్మాయి కష్టపడి చదివి కలెక్టరవుతుంది."

పక్క బెంచీల్లోంచి గాలి పీల్చిన శబ్దం వచ్చింది. ఏడో తరగతి, ఎనిమిదో తరగతి, రెండూ ఒక్కసారే పీల్చాయి. ఎవరో కిసుక్కుమన్నారు. కళ్లజోడు పిల్ల మెల్లగా లేచి నిలబడింది.

"కాదు టీచర్," అంది. "కలెక్టర్ కాదు టీచర్. ఆమెకు పద్నాలుగేండ్లే. వాళ్ల నాయిన తాగుడు సుత మానడు. ఆమె ప్రతి వారం కొత్త జాగల చావి దాస్తది, ఆయన దొరకవట్టుకుంటడు, తిడ్తడు. ఆఖరి పేజీల శనివారం పొద్దుమీకి ఆయననే చావి తెచ్చి ఆమె చేతుల పెడ్తడు. 'దాచు' అంటడు. గంతే. అయిపోతది."

ఆ తండ్రి ఇంకా నిలబడే ఉన్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు చొక్కా జేబు తడుముకున్నాడు.

కరస్పాండెంట్ గారు ఆ పిల్లని దగ్గరికి పిలిచారు. "ఇది నువ్వు చదివావా?"

"నాలుగుసార్లు చదివిన సార్. సిఫారసు రాసింది మేమే కదా."

"మీరా?"

ఆ పిల్లకు దాచడం తెలియదు. మేమెవరం దాచమని చెప్పలేదు కూడా, ఎవరికి వారం మా రహస్యం మాదే అనుకున్నాం. "లెక్కల సారు మా క్లాస్ టీచర్ కదా సార్, ఫస్ట్ ఆయన ఇచ్చిండు. పీటీ సారు త్రోబాల్ టీమోళ్లకు ఇచ్చిండు. వాళ్లు మా క్లాసోళ్లే. మల్ల తెలుగు టీచర్ ఇచ్చింది. సైన్స్ టీచర్ సుత. అందరివి మాకే వచ్చినయ్. నలుగురం చదివినం, ఒక్కలం రాసినం. ఎవరిది వాళ్ల లెక్కనే రాసినం సార్. లెక్కల సారుకు నిరూపించబడినది అని పెట్టినం." కాస్త ఆగి, నా కేసి తిరిగి, ఓదార్పుగా అంది. "టీచర్‌ది రాసుడే ఈజీ సార్. పుస్తకం చదవకున్నా రాయొచ్చు."

ఆ మాట మీద హాలు ఘొల్లుమంది. నాకు తల తీసేసినట్టయింది. నిజం చెబుతున్నాను, ఆ రోజు నాకు ఆ పిల్ల మీద కోపం రాలేదు. ముప్ఫై ఏళ్లుగా నేను రాసిన ప్రతి మాటా గుర్తొచ్చి సిగ్గేసింది.

"కరస్పాండెంట్ గారూ, నేను చదవలేదు," అన్నాను. "ఒక్కటి కూడా చివరిదాకా చదవలేదు. హెడ్మిస్ట్రెస్ గారికి ఈ సంగతి తెలియదు. తప్పు ఆమెది కాదు." లెక్కల మాస్టారు, పీటీ సారు కూడా లేచి నిలబడ్డారు. సైన్స్ టీచరు ఎవరూ పిలవకుండానే లేచింది. తిలాపాపం తలా పిడికెడు అంటే ఏమిటో పిల్లలకు బోర్డు మీద ఎన్నోసార్లు చెప్పాను గాని, కళ్లతో చూడడం అదే మొదటిసారి.

"మా రైల్వేలో లైన్ చూడకుండా క్లియరని సంతకం పెడితే ఉద్యోగం పోతుందమ్మా," అన్నారు కరస్పాండెంట్ గారు. "నేను మాటిచ్చినట్టు పుస్తకాలు బీరువాలోకి పోవాలి."

పిల్లల బెంచీల్లో ఎవరో చేతిలో పుస్తకం వెనక్కి దాచుకోవడం చూశాను. హెడ్మిస్ట్రెస్ తల దించుకుంది. అప్పుడు లేచింది ఆ ఫిర్యాదు చేసిన ఆయన భార్య. అంతసేపూ భర్త పక్కనే కూర్చుని ఉంది.

"సార్, ఒక్క మాట. మూడు శనివారాల సంది మా ఇంట్ల నలుగురం కలిసి తింటున్నం. నాకైతే మంచిగుంది. గా పుస్తకం తీసెయ్యకుండ్రి."

భర్త ఆమె వంక చూశాడు. కూతురి వంక చూశాడు. ఆ పిల్ల ఇంకా తల ఎత్తలేదు. ఆయన గొంతు సవరించుకుని, "ఉండనియ్యుండ్రి సార్," అన్నాడు. "చావి బియ్యం డబ్బాల మాత్రం వెయ్యద్దని చెప్పుండ్రి. బియ్యమంత కింద పోసి దేవులాడిన నేను." హాలంతా నవ్వింది. ఆ పిల్ల కూడా తల ఎత్తి నవ్వింది, కళ్లు తుడుచుకుంటూ.

కరస్పాండెంట్ గారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. లైన్ ఎవరూ చూడకుండా సంతకం పడలేదు, చూసినవాళ్లు ఒకరు, పెట్టినవాళ్లు ఒకరు, అంతే కదా అన్నారు. కాబట్టి అరలు ఉంటాయి. పాత కాగితాలన్నీ పీకేసి, చదివిన పిల్లల పేర్లతో కొత్తవి అంటించాలి. టీచర్లకు శిక్ష ఏమిటంటే, ప్రతి శుక్రవారం చివరి పీరియడ్ మేము ఎనిమిది బిలో వెనక బెంచీల మీద కూర్చుని చదవాలి. ఒక్కో పుస్తకం అయ్యాక పిల్లలు ప్రశ్నలడిగి, చదివామని తేలితేనే మా చేత సంతకం పెట్టించాలి.

ఆ బెంచీలు పిల్లల కోసం చేసినవి. మోకాళ్లు పట్టవు. మొదటి వారం లెక్కల మాస్టారు అదే నవల తీసుకున్నాడు. నలభై పేజీలు దాటేదాకా గడియారం చూస్తూనే ఉన్నాడు. తర్వాత చూడలేదు. రెండో శుక్రవారం గంట కొడితే, "ఒక్క అయిదు నిమిషాలు ఆగుండ్రి, గీ చావి సంగతి తేలనియ్యుండ్రి," అని వాచ్‌మన్‌ని బతిమాలాడు. పీటీ సారు ఒక పుస్తకానికి మూడుసార్లు ఫెయిలయ్యాడు. పిల్లలు పాస్ చేయలేదు.

నేను తీసుకున్నది ఇంకో నవల. పిల్లలందరూ ఎగబడి చదువుతున్నది, మళ్లీ మళ్లీ చదువుతున్నది. అందులో ఒకమ్మాయి తన స్నేహితురాలి రహస్యం బయటపెడుతుంది, ఆఖరుదాకా క్షమాపణ అడగదు. చివరి పేజీ మూసేసరికి నాకు చిరాకు వేసింది. కళ్లజోడు పిల్ల ప్రశ్నలన్నిటికీ సరిగ్గా జవాబు చెప్పాను. కాగితం నా ముందు పెట్టింది. కలం పట్టుకున్నాను. దృఢమైన అభిప్రాయము అని చెయ్యి అలవాటుగా కదలబోయింది. ఆపి, ఇలా రాశాను. "ఇది నేను పూర్తిగా చదివాను. నాకు నచ్చలేదు. ఆ అమ్మాయి చేసింది తప్పు." కింద సంతకం పెట్టాను.

సోమవారం పొద్దున బడికి వెళ్లేసరికి స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర అయిదుగురు నిలబడి ఉన్నారు. ఇద్దరు నేను ఏనాడూ పాఠం చెప్పని తరగతి వాళ్లు. అందరి ముఖాలూ ఎర్రగా ఉన్నాయి.

"మీరు రాసింది తప్పు టీచర్," అంది ఒకమ్మాయి. "ఆమె అడగకపోవుడే కరెక్టు. ఎందుకో మేం చెప్తం, కూసోండి మీరు."

ముప్ఫై ఏళ్ల సర్వీసులో మార్కుల కోసం వచ్చిన పిల్లలున్నారు, సెలవు చీటీల కోసం వచ్చిన వాళ్లున్నారు. ఒక పుస్తకం గురించి నాతో పోట్లాడడానికి ఎవరూ రాలేదు. హాజరు పట్టీ పక్కన పెట్టి కూర్చున్నాను. ప్రార్థన గంట కొట్టినా మేము ఆరుగురమూ కదలలేదు.